తొక్కని గడప

"మన గూఢచారి ఫయాజ్‌ను చంపేశారు." మస్కట్ సేఫ్‌హౌస్‌లో చీఫ్ గొంతులో దుఃఖం లేదు, చిరాకుంది. "వాడి చివరి మెసేజ్ ఇది: 'మొదటి అడుగు భూమేశ్‌ది.' సోహార్ ఊరి దగ్గర 'గంట కోట'లో పని చేసే మేస్త్రీ వాడు. రేపు అక్కడ రెండు మతాల పెద్దలు కలుస్తున్నారు. తేడాగా కదిలితే కాల్చెయ్."

"అనుమానంతోనేనా సార్?" అన్నాడు పెంచలయ్య.

"మన ఏజెంట్ ఇఫ్రా అక్కడే ఉంది. ఆవిడ చెప్పినట్టు చెయ్."

మర్నాడు కోటకు పెంచలయ్య ఫోర్‌మన్ వేషంలో వెళ్లాడు. పసుపు హెల్మెట్, చెవిలో ఇయర్‌పీస్, టూల్ బ్యాగ్‌లో సైలెన్సర్ పిస్టల్.

ఆ కోట చరిత్ర వింటే కడుపు మండుతుంది. జాలర్లను తరిమి విదేశీ సన్యాసులు కట్టించారు. సన్యాసులను తరిమి ఇంకో మతం పండితులు లాక్కున్నారు. ఇద్దరూ దేవుడి ఆస్తే అన్నారు. రాళ్లు మోసినవాళ్ల ఊసు ఒక్కరూ ఎత్తలేదు. ఇప్పుడు ఆ రెండు వర్గాలూ రాజీపడి మ్యూజియం చేస్తుంటే, ఆ రాజీని పేల్చేయాలని ఓ విదేశీ ముఠా కాచుకుని ఉంది.

"సున్నం తడిసిందా?" అన్నాడు పెంచలయ్య.

"ఇంకా తడవాలి." హెరిటేజ్ కన్సల్టెంట్ వేషంలో ఉన్న ఇఫ్రా నల్ల కళ్లద్దాలు సవరించుకుంది. కోడ్ సరిపోయింది. "గంట పట్టుకున్నాడే, వాడే."

సన్యాసుల నాటి కంచు గంట ఎత్తుకుని భూమేశ్ నవ్వుతూ వచ్చాడు. "అన్నా, మేడం నన్నే ముందుగల్ల లోపటికి పొమ్మన్నది! ఫొటో పేపర్ల వస్తదంట. మా అవ్వ జూస్తే మురుస్తది."

పెంచలయ్య చెయ్యి బ్యాగ్‌లోకి పోయింది.

ప్రార్థన మందిరం ద్వారానికి కొత్త రాతి గడప. భూమేశ్ కాలెత్తాడు, ఒక్క అంగలో దాటేశాడు.

ఏమీ కాలేదు. దూరంగా స్తంభం చాటుకు చేరిన ఇఫ్రా మొహం పాలిపోయింది.

"వెనక్కి రా! గడప మీద నిలబడు, ఫొటో!" అక్కడి నుంచే అరిచింది.

"అమ్మో, గడప తొక్కద్దు మేడం! మా అవ్వ కాళ్లిరగ్గొడ్తది."

ఫొటో తీసే మనిషి స్తంభం వెనక ఎందుకు దాక్కుంటుంది? పెంచలయ్య ఆ కొత్త గడప కేసి చూశాడు. ఫయాజ్ చెప్పింది హంతకుడి పేరు కాదు, బలయ్యేవాడి పేరు! ఇంతవరకూ తను కాల్చాలని చూసింది వాడినా? సిగ్గుతో చచ్చిపోయాడు.

అప్పుడే, లోపలికి వస్తున్న పెద్దల్లో ముందున్న ముసలి సన్యాసి చెప్పు గడప మీదికి దిగుతోంది. పెంచలయ్య దూకి ఆయన్ను వెనక్కి లాగాడు. ఇద్దరూ కింద పడ్డారు.

"ఎవరూ కదలొద్దు! రాయి కింద బాంబుంది, తొక్కితే పేలే ప్రెషర్ స్విచ్!"

పరిగెత్తబోయిన ఇఫ్రాను గేటు దగ్గర కాపలావాళ్లు పట్టుకున్నారు.

సాయంత్రం చీఫ్ ఫోన్ చేశాడు. "ఇఫ్రాను ఆ ముఠాకే ఇచ్చేసి, వాళ్ల దగ్గర బందీగా ఉన్న మన మనిషిని తెచ్చుకుంటున్నాం. మంచి బేరం."

"మరి భూమేశ్?"

"ఆ రాయి లారీ నుంచి దించింది వాడే. వేలిముద్రలున్నాయి. వీసా క్యాన్సిల్."

"అందర్నీ కాపాడింది వాడే సార్!"

"రికార్డుల ప్రకారం ఆపరేషనే జరగలేదు పెంచలయ్యా. ఇక కాపాడ్డం ఎక్కడిది?"

ఎయిర్‌పోర్ట్‌లో భూమేశ్ పెంచలయ్య చెయ్యి పట్టుకుని అడిగాడు. "నేనేం జేసిన అన్నా? గడప దాటుడు తప్పా?"

పెంచలయ్య వాడి సంచి అందుకుని ట్రాలీలో పెట్టాడు.

మ్యూజియం తెరిచారు. ఆ ద్వారం దగ్గర కొత్త బోర్డు పెట్టారు: 'చారిత్రక గడప. తొక్కరాదు.' అరబిక్‌లో ఉంది, ఇంగ్లిష్‌లో ఉంది, సన్యాసుల భాషలోనూ ఉంది. తెలుగులో లేదు. అక్కర్లేదు మరి!