మనిషికి పది నిమిషాలు

యావోర్ పాఠం మధ్యలో ఉండగా తలుపు ధడేల్మని తెరుచుకుంది. తడిసిన రెయిన్‌కోటుతో, చేతిలో నాలుగు కాగితాలతో ఒకమ్మాయి లోపలికి వచ్చింది.

"ఇక్కడ యావోర్ ఎవరు?"

నలభై మంది విద్యార్థులు ఒకేసారి అతనివైపు వేలు చూపించారు.

"మీరేనా, చాట్‌బాట్ వాడమని వీళ్ళకి నేర్పేది?"

"వాడమని కాదండీ, ఎలా వాడాలో. కూర్చోండి, ఇంకా సగం పాఠం ఉంది."

క్లాసు గొల్లుమంది. ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

ఆమె పేరు రలీత్సా. బల్గేరియా రాజధాని సోఫియాలో పరిశోధన ముగించి, యాంత్రా నది ఒడ్డునున్న ఆ చిన్న విశ్వవిద్యాలయంలో చరిత్ర చెప్పడానికి వచ్చి నెల కూడా కాలేదు. పాఠం అయ్యాక కాగితాలు అతని బల్లమీద పెట్టింది.

"స్టామెన్ అని మనిద్దరి క్లాసులకీ వస్తాడు. నది నీళ్ళతో తిరిగే పాత పిండి మర గురించి రాశాడు. నా సాఫ్ట్‌వేర్ తొంభై రెండు శాతం యంత్రం రాసిందే అంటోంది. రెండు మార్కులు వేశాను. శుక్రవారం కమిటీకి పంపిస్తాను. కోర్సులోంచి తీసేస్తారు."

ఆరుకి రెండంటే ఫెయిల్. యావోర్ మొహంలో నవ్వు పోయింది.

"అతన్ని అడిగారా?"

"ఎందుకడగాలి?"

"యంత్రం రాసిందని ఇంకో యంత్రం చెబితే నమ్మేశారు. మనిషిని మాత్రం అడగలేదు. మరి మనిద్దర్లో యంత్రాన్ని గుడ్డిగా వాడిందెవరండీ?"

ఆమె విసవిసా వెళ్ళిపోయింది. కానీ ఆ మాట ములుకులా గుచ్చుకుంది. మర్నాడే స్టామెన్‌ని పిలిచింది, యావోర్‌ని కూడా కూర్చోమంది.

స్టామెన్ యాభై రెండేళ్ళ బస్సు డ్రైవరు. పగలు బస్సు నడిపి సాయంత్రాలు చదువుకుంటాడు. టోపీ ఒళ్ళో పెట్టుకుని కుర్చీ అంచున కూర్చున్నాడు.

"మీ రాతలో ఒక్క తప్పు కూడా లేదేంటి?" అంది రలీత్సా.

"ముప్పై ఏళ్ళుగా డిపోకి రిపోర్టులు రాస్తున్నా మేడమ్. మా ఆఫీసరు కామా పోతే కూడా వెనక్కి పంపేవాడు. అందుకే నా రాత ఇస్త్రీ చేసినట్టుంటుంది."

"సరే. ఆ మర మూసేసిన రోజు ఏం జరిగింది?"

"మర యజమాని పెళ్ళాం, మరకి నీళ్ళు వదిలే తూము తలుపెక్కి కూర్చుంది మేడమ్. దిగనంటే దిగనంది. పోలీసు వచ్చి చేతులు జోడించి బతిమాలాడు."

"ఇది పేపర్లో లేదే?"

స్టామెన్ గొంతు తగ్గించాడు. "ఆ పోలీసు మా నాన్న. మార్కుల కోసం ఇంటి పరువు తీసుకుంటామా?"

రలీత్సా నవ్వాపుకోలేకపోయింది. కాసేపటికి ఆ నవ్వు సిగ్గుగా మారింది. లేచి నిలబడింది.

"స్టామెన్ గారూ, తప్పు నాది. ముందు మిమ్మల్నే అడగాల్సింది."

"పోనీండి మేడమ్. ఫెయిలవడం నాకు కొత్తేం కాదు. ఈసారి నిజంగా చదివి రాశాను కదా, అందుకే కాస్త కష్టమేసింది."

అతనికి ఆరుకి ఆరు వచ్చాయి. ఆ సాయంత్రం రలీత్సా యావోర్ గదిలోకి తొంగిచూసింది.

"మీ పద్ధతేంటో నాకూ చెప్పండి. తిట్టకుండా."

అలా గురువారాలు మొదలయ్యాయి. నది పక్క కాఫీ కొట్లో, చీజ్ పెట్టి కాల్చిన వేడి బానిత్స రొట్టె మధ్యలో ఉంచుకుని, డిపార్ట్‌మెంట్ మొత్తానికి పనికొచ్చేలా నియమాలు రాయసాగారు. చాట్‌బాట్‌ని ఏమడిగారో, అదేం చెప్పిందో దాచకుండా పేపరుకి జతచేయాలి. అది చెప్పిన ప్రతి పుస్తకాన్నీ లైబ్రరీకెళ్ళి కళ్ళారా చూడాలి, ఎందుకంటే అది లేని పుస్తకాల పేర్లూ ధీమాగా చెప్పేస్తుంది. ఎవరి ఇంటి సంగతులూ దాని చెవిన వేయకూడదు. చివరికి టీచరు ఎదుట కూర్చుని, రాసింది సొంత మాటల్లో చెప్పగలగాలి.

"మీకు నవ్వడం కూడా వచ్చన్నమాట," అన్నాడతను ఒకరోజు. "అసలుదో కాదో సాఫ్ట్‌వేర్‌లో పెట్టి చూడాలనుకున్నా."

"చూస్తే?"

"నూటికి నూరు. మనిషి నవ్వే."

ఆమె బానిత్స ముక్క అతని ప్లేటులోంచే లాక్కుంది. రెండో గురువారానికి 'మీరు' 'నువ్వు' అయింది. నాలుగో గురువారం వాన తగ్గాక కూడా ఇద్దరూ ఒకే గొడుగు కింద నడిచారు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఎవరూ అనలేదు.

ఐదో గురువారం ఆమె నవ్వలేదు. నియమాలకి ఉదాహరణలు ఏరడానికి అతని విద్యార్థుల పేపర్లకి జెరాక్సులు తీసుకెళ్ళింది. ఇప్పుడు ఆ కట్ట అతని ముందు పెట్టింది.

"'మీ రచన ఆలోచనలకు కొత్త తలుపులు తెరుస్తోంది.' పందొమ్మిది మందికి ఇదే మాట రాశావు. స్టామెన్‌కి కూడా. ఎవరు రాశారిది?"

యావోర్ చూపు దించుకున్నాడు.

"రెండు క్లాసులూ కలిపి ఎనభై నాలుగు పేపర్లు, రలీత్సా. ఒక్క వారం టైమిచ్చారు. చాట్‌బాట్‌తో..."

"చదివావా?"

"సగం."

"వాళ్ళకో రూలు, నీకో రూలా? స్టామెన్ ఆ వాక్యం కత్తిరించి పర్సులో పెట్టుకు తిరుగుతున్నాడు, తెలుసా?"

కాఫీ ముట్టకుండానే వెళ్ళిపోయింది.

మర్నాడు యావోర్ రెండు క్లాసులనీ ఒకే గదిలో కూర్చోబెట్టాడు.

"మీ పేపర్ల మీద ఉన్న కామెంట్లు నావి కావు," అన్నాడు. "చాట్‌బాట్‌తో రాయించి మీకు చెప్పలేదు. దాచొద్దని మీకు చెప్పి నేను దాచాను. క్షమించండి. అన్నీ వెనక్కివ్వండి, మళ్ళీ చదువుతాను. మనిషికి పది నిమిషాలు, ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుందాం."

అప్పుడు స్టామెన్ పర్సులోంచి ఆ కాగితం తీసి బల్లమీద పెట్టాడు.

"నాకు ముందు టైమివ్వు బాబూ. రేపు పొద్దున ఆరింటికే డ్యూటీ."

మూడు వారాలు యావోర్ గది ముందు వరస తగ్గలేదు. రలీత్సా ఎదురుపడితే తల ఊపి వెళ్ళిపోయేది. ఆమె మొదటి రోజే స్టామెన్‌ని అడిగి అంతా తెలుసుకుందని అతనికి తెలీదు. మాట మీద ఎన్నాళ్ళు నిలబడతాడో చూస్తోందనీ తెలీదు.

ఎనభై నాలుగో విద్యార్థి వెళ్ళాక అతను కళ్ళు నులుముకుంటుంటే తలుపు చప్పుడైంది.

"నాకూ పది నిమిషాలు కావాలి," అంది రలీత్సా. వాళ్ళ నియమాల కాగితం తెచ్చింది. చివర కొత్త వాక్యం ఉంది: 'ఇవన్నీ ముందు టీచర్లకి.'

"దీని మీద కామెంటు చెప్పు. సొంతంగా."

అతను చదివాడు. గొంతు సవరించుకున్నాడు.

"బాగుంది. అంటే... చాలా బాగుంది. ఇంకా... నువ్వు లేని గురువారాలు అస్సలు బాలేవు. కొట్టావిడ రెండు కప్పులు పెట్టి, ఒకటి వెనక్కి తీసుకెళ్తుంటే... అదీ... నువ్వంటే నాకిష్టం రలీత్సా. ఎప్పట్నుంచో. బహుశా తలుపు ధడేల్మన్నప్పట్నుంచే."

"ఇదేనా మాట్లాడ్డం? ఒక్క వాక్యమూ సరిగ్గా పూర్తి కాలేదు."

"తెలుసు."

"ఒక్క అక్షరం కూడా మార్చకు," అంది. ఆమె కళ్ళు మెరిశాయి. "నాక్కూడా అంతే. ఎప్పట్నుంచో."

యావోర్ గడియారం చూశాడు. "పది నిమిషాలైపోయాయి."

"బయట ఇంకెవరూ లేరులే," అని రలీత్సా కుర్చీ దగ్గరగా లాక్కుంది.