కదలకు, పరమేశ్!

"హీరోయిన్ పక్కన ఒక్క మోకాలి మీద కూర్చోమంటే కూర్చోడా? వాడికెంత పొగరు!"

ఆ రోజు మాల్‌లో ఉన్నవాళ్లందరూ అదే అనుకున్నారు. సూరత్‌లో డుమస్ రోడ్డు మీద ఉన్న ఆ మాల్‌లో 'తాపీ తూఫాన్' కబడ్డీ జట్టు కొత్త జెర్సీ విడుదల. దానికి ముంబై నుంచి ఒక హీరోయిన్ వచ్చింది. ఆటగాళ్లు రెండు వైపులా మోకాలి మీద కూర్చోవాలి, మధ్యలో ఆమె తొడ కొట్టాలి. ఫోటోగ్రాఫర్ ఐడియా అది. అందరూ కూర్చున్నారు, ఒక్క పరమేశ్ తప్ప. మళ్లీ చెప్పినా అతను కదల్లేదు. హీరోయిన్ మొహంలో నవ్వు పోయింది. సాయంత్రానికి ఆ వీడియో సూరత్ అంతా తిరిగింది.

జనం అతని మొహం చూశారు. రుచిత మాత్రం అతని కాలు చూసింది.

రుచిత ఒక చిన్న హిందీ చానల్‌లో సినిమా రిపోర్టర్. సూరత్‌లో ఎక్కడ చీరల షోరూమ్ తెరిచినా రిబ్బన్ కత్తిరించడానికి ఎవరో ఒక స్టార్ దిగుతాడు. అతను కారు దిగి మళ్లీ కారెక్కేలోపు దొరికే కాసేపే ఆమె ఉద్యోగం. ఒక హీరో ఆమె ఫోన్ కెమెరాను అద్దంలా వాడుకుని విగ్గు సర్దుకున్నాడు. ఒక క్రికెటర్ ఏ ప్రశ్న అడిగినా "ప్రాసెస్ ముఖ్యం" అనే అన్నాడు. "మీ పెళ్లి ఎప్పుడు?" అన్నదానికి కూడా.

ప్రతి శుక్రవారం ఆటల మీద తన అభిప్రాయాలు చెప్పే 'రుచిత కీ సీటీ' (రుచిత ఈల) అనే కార్యక్రమం ఆమెకు ఉంది. "ప్రొఫెషనల్ ఆట కూడా సినిమానే. కాకపోతే దెబ్బలు నిజం, డూప్ ఉండడు" అన్నది ఆమె సిద్ధాంతం.

ఆ శుక్రవారం ఆమె మాల్ వీడియోను నెమ్మదిగా నడిపి చూపించింది. "ఈ కుడి మోకాలు చూడండి. ఎంత వాచి ఉందో! ఇతను వంగనన్నది పొగరుతో కాదు, నొప్పితో. ఈ కాలితో ఇతన్ని ఆడించడం పాపం."

వీడియో కింద జనం అతనికి క్షమాపణలు చెప్పారు. ఒక మనిషి పరువు కాపాడానని రుచిత సంతోషపడింది.

తరువాతి వారం జట్టు అతనికి స్కాన్ తీయించింది. అది చూసి అతన్ని తీసేసింది.

*

వాన దంచి కొడుతున్న మధ్యాహ్నం, ఉధ్నాలో ఉన్న చానల్ ఆఫీసు మెట్లెక్కి వచ్చాడు పరమేశ్. జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి.

"రుచిత కౌన్ హై?"

"మై హూఁ," అంటూ లేచింది ఆమె.

అతను ఆమెను ఎగాదిగా చూసి, తనలో తాను తెలుగులో గొణుక్కున్నాడు. "మొకం జూస్తె అమాయకంగున్నది. జేసింది సత్తెనాశనం."

"మొకం తర్వాత జూద్దువు గని, ముందుగాల కూసో. కాలు వణుకుతుంది," అంది రుచిత.

అతను బిత్తరపోయాడు. "నువ్వు మనోళ్ల పిల్లవా?"

"డిండోలిల ఉంటం. మా నాయన సదానందం, మగ్గాల మేస్త్రి. మాది సిరిసిల్ల దిక్కు."

"మాది గూడ డిండోలే. గట్లైతే ఇంకా తప్పు. మనోళ్లే మనోళ్ల కడుపు గొడ్తరా?"

"అందరు నీకు పొగరంటుంటే, కాదని జెప్పిన. గది తప్పా?"

"పొగరంటె ఏమైతది? నాలుగు రోజులు తిట్టి ఊకుంటరు," అన్నాడతను. "పొగరున్నోణ్ణి ఆడిస్తరు. కుంటోణ్ణి ఎవడాడిస్తడు? నేను ఎవ్వలకు తెల్వకుండ దాసుకున్న నొప్పిని నువ్వు ఊరందరికి టాంటాం జేసినవ్."

ఎంత పెద్ద స్టార్ కసిరినా ఎదురు ప్రశ్న వేసే రుచిత ప్రశ్న మరిచి మెట్ల దాకా అతని వెనకే వెళ్లింది. అతను మెట్లు దిగుతుంటే పైనుంచి చూసింది. ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ ఆనించి దిగుతున్నాడు. వానలో గొడుగు లేకుండానే వెళ్లిపోయాడు.

*

ఆదివారం ఆమె అడ్రస్ కనుక్కుని వాళ్లింటికి వెళ్లింది. ఒకే గది. పరమేశ్ తల్లి బాలవ్వ చీరల కుప్ప ముందు కూర్చుని వేలాడే దారాలు కత్తిరిస్తోంది. కొడుకు మూల మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

"టీవీల జెప్పిన పిల్లవు నువ్వేనా?" అంది బాలవ్వ.

"నేనే పెద్దమ్మా. తిట్టుడైతె తిట్టు."

"తిట్టి ఏం జేస్త బిడ్డా. వీని నాయన మగ్గం కాడ్నే కూలి పానం ఇడిసిండు. వీడన్న ఆ చప్పుడు ఇడిసి ఆట దిక్కు వోయిండని సంబురపడ్డ. గిప్పుడు ఆట గూడ లేదాయె." కత్తెర ఆపకుండానే చెప్పింది ఆ మాట. "కూసో. చాయ్ వెడ్త."

చాయ్ తాగుతూ రుచిత మంచంవైపు చూసి అంది. "నాకు తెలిసిన ఎముకల డాక్టర్ ఉన్నడు. ఒక యాక్షన్ హీరోకు భుజం ఆపరేషన్ జేసిండు. జర వచ్చి సూపిచ్చుకో."

"ఆ హీరో బాగైండా?" గోడవైపు నుంచే అడిగాడు పరమేశ్.

"భుజం బాగైంది. యాక్టింగే బాగు గాలె."

బాలవ్వ కొంగు అడ్డుపెట్టుకుని నవ్వింది. మంచం మీది వీపు కూడా ఒకసారి కదిలింది.

వెళ్లి చూపించుకుంటే, డాక్టర్ దాపరికం లేకుండా చెప్పాడు. లోపలి లిగమెంట్ దాదాపు తెగిపోయింది. అతను దొంగచాటుగా వేయించుకున్న సూదులు నొప్పి తెలియకుండా చేశాయే తప్ప నయం చేయలేదు. ఆపరేషన్ చేసి ఏడాది విశ్రాంతి ఇస్తే మామూలుగా నడవొచ్చు, పరిగెత్తవచ్చు కూడా. ఇలాగే ఆడితే మాత్రం నడకకు కూడా హామీ లేదు.

"ఏడాది తర్వాత ఆడొచ్చా?" అడిగాడు పరమేశ్.

"ముందు నడక సంగతి చూద్దాం," అన్నాడు డాక్టర్.

*

ఆపరేషన్‌కు అతను ఒప్పుకోలేదు కానీ, కట్టుకు, వ్యాయామాలకు వెళ్లడానికి ఒప్పుకున్నాడు. రుచిత తన స్కూటీ మీద తీసుకెళ్లేది. వెనక కూర్చుని అతను ఆమె డ్రైవింగ్‌ను తిట్టేవాడు, ఆమె అతని ఆటను తిట్టేది.

ఒక సాయంత్రం డుమస్ బీచ్‌లో బండి దగ్గర టమాటా భజియా తింటుండగా సముద్రం మీదినుంచి జల్లు వచ్చింది. ఇద్దరూ ఒకే ప్లాస్టిక్ పట్టా కిందికి దూరారు.

"నీ మ్యాచ్‌లన్ని మల్ల జూసిన," అంది రుచిత. "ఎప్పుడు జూసినా ఎడమదిక్కే ఉరుకుతవ్. అటు దిక్కు ఎవలన్న పిల్ల కూసుంటదా?"

"కుడిదిక్కు తిరిగితె మోకాలు మాట్లాడ్తది."

ఆమె నవ్వు ఆగిపోయింది. అతనే మళ్లీ అన్నాడు. "నువ్వేమో స్టార్ల మొకాలు జూసి జూసి అలవాటైనదానివి. నా కాలెందుకు జూసినవ్?"

"మా నాయన మగ్గం కాడ నిలవడి నిలవడి ఇంటికొస్తె, నొప్పుందని నోటితోని చెప్పకపోతుండె. అడుగువెట్టే తీరు జూసి మాకు ఎరుకయ్యేది."

పట్టా మీద నిలిచిన నీళ్లు ఒక్కసారిగా జారి ఆమె భుజం తడిపాయి. అతను తన తువ్వాలు తీసి ఆమె చేతికి ఇచ్చాడు. వేళ్లు తగిలాయి. ఇద్దరిలో ఎవరూ వెంటనే వెనక్కి తీసుకోలేదు.

ఆ తర్వాత రోజుల్లో రుచిత స్టార్లను అడగాల్సిన ప్రశ్నలు మరిచిపోయేది. ఒక సీరియల్ నటిని పొరపాటున "మోకాలు ఎట్లుంది?" అని అడిగేసింది.

*

ఆ సంతోషం నిలవలేదు. నాగ్‌పూర్ జట్టులో పరమేశ్‌లా కూతకు వెళ్లే రెయిడర్లు ఇద్దరు దెబ్బతిన్నారు. వాళ్ల మేనేజర్ పరమేశ్‌కు ఫోన్ చేశాడు. కాలు బాగైందని జనం నమ్మితే, తన డాక్టర్‌తో సర్టిఫికెట్ ఇప్పిస్తానన్నాడు.

పరమేశ్ నేరుగా రుచిత దగ్గరికి వచ్చాడు. కళ్లు మెరుస్తున్నాయి.

"ఒక్క వీడియో జెయ్. కుంటోడని నువ్వే జెప్పినవ్, బాగైండని నువ్వే జెప్పు. నీ మాట అందరు నమ్ముతరు."

"బాగు గాలేదు గద."

"సూది ఏసుకుంట. ఒక్క సీజన్, రుచితా."

"అవ్తల మనిషి నీ మోకాలి మీద వడ్తె సూది ఆపుతదా? నేను జెప్ప."

"నా మీద ప్రేమున్నదనుకున్న."

"ఉన్నది గనుకే జెప్ప."

ఆ మాట ఇద్దరి మధ్యా మొదటిసారి బయటికి వచ్చింది, అదీ ఇలాంటి చోట. అతను దాన్ని వినిపించుకోలేదు.

"నీకు నేను ఒక వార్తను. అంతే," అని వెళ్లిపోయాడు.

వీడియో వేరే చానల్‌వాడు చేసి పెట్టాడు. అందులో పరమేశ్ దుంకుతూ నవ్వుతున్నాడు. రుచిత దాన్ని సౌండ్ ఆపి చూసింది. దిగిన ప్రతిసారీ దవడ బిగుసుకోవడం ఒక్కటే ఆమెకు కనిపించింది. ఫోన్ చేస్తే అతను ఎత్తలేదు. బాలవ్వ కాళ్లావేళ్లా పడినా వినకుండా రైలెక్కాడని తర్వాత తెలిసింది.

*

లీగ్ సూరత్‌కు వచ్చింది. 'తాపీ తూఫాన్'తో నాగ్‌పూర్ మ్యాచ్. కొత్త సినిమా ప్రచారానికి ఒక హీరో స్టేడియంకు వచ్చాడు. అతని పక్కన నిలబడి లైవ్‌లో మాట్లాడించడం రుచిత డ్యూటీ.

చివరి నిమిషంలో నాగ్‌పూర్ ఒక పాయింటు వెనకబడి ఉంది. పరమేశ్ ఆఖరి కూతకు వెళ్లాడు. ఒకణ్ణి తాకి వెనక్కి మళ్లాడు. ఈసారి ఎడమవైపు దారి మూసేశారు. కుడివైపు తిరిగాడు. ఎవడో చీలమండ పట్టాడు, ఇంకొకడు పైన పడ్డాడు.

మోకాలు చిట్లిన చప్పుడు మొదటి వరసల దాకా వినిపించింది. పట్టుకున్నవాడు భయపడి వదిలేశాడు.

పరమేశ్ బోర్లా పడి ఉన్నాడు. నడిగీత చేతికి కాస్త ముందే ఉంది. ముట్టుకుంటే పాయింట్లు, మ్యాచ్ కూడా. కానీ ముట్టుకోవాలంటే ఆ కాలిని ఈడ్చుకుంటూ జరగాలి. అతను జరగడం మొదలుపెట్టాడు. స్టేడియం మొత్తం లేచి నిలబడింది. "ఉఠ్! ఉఠ్!" అని లేవమంటూ ఒకటే అరుపులు. సొంత జట్టో పరాయి జట్టో ఎవరికీ గుర్తులేదు.

హీరో మైకు దగ్గరికి వంగి, ఉత్సాహంగా అన్నాడు. "ఇదీ స్పిరిట్ అంటే! దెబ్బ ఆటగాడికి ఆభరణం!"

"సర్, అది ఆభరణం కాదు, ఎముక," అంది రుచిత లైవ్‌లోనే. మైకు అతని చేతిలో పెట్టి మెట్ల మీదుగా కిందికి పరిగెత్తింది. అడ్డుకంచె పట్టుకుని గొంతు చించుకుని అరిచింది.

"కదలకు, పరమేశ్! ఉన్నకాడ్నే ఉండు! గీత జోలికి వోకు!"

హిందీ, గుజరాతీ అరుపుల హోరులో ఆ ఒక్క తెలుగు గొంతు అతని చెవిన పడింది. తల తిప్పాడు. కంచె మీద వాలిపోయి ఏడుస్తున్న ఆమెను చూశాడు. గీతవైపు చాచిన వేళ్లు మెల్లగా ముడుచుకున్నాయి. చెంప మ్యాట్‌కు ఆనించి కళ్లు మూసుకున్నాడు.

రిఫరీ విజిల్ వేశాడు. నాగ్‌పూర్ ఓడిపోయింది.

*

మర్నాడే రుచిత ఉద్యోగం పోయింది. హీరో మనుషులు ఫోన్ చేశారట. పరమేశ్‌కు ఆపరేషన్ అయింది. లిగమెంట్ పూర్తిగా తెగడమే కాక ఎముక కూడా చిట్లింది. ఇంకాస్త ఈడ్చి ఉంటే కిందికి రక్తం వెళ్లే రక్తనాళం తెగేదని, అప్పుడు కాలు తీసేయాల్సి వచ్చేదని డాక్టర్ చెప్పాడు. నడుస్తాడు, కుంటుతాడు. ఆట మాత్రం ఇక ఉండదు.

రుచిత రోజూ ఆసుపత్రికి వెళ్లేది. అతను ఆమెవైపు తిరగకుండా కిటికీలోంచి వానను చూస్తూ ఉండేవాడు. ఒకరోజు ఆమె ఇక రాకూడదేమో అనుకుని తలుపు బయటే ఆగిపోయింది.

బాలవ్వ బయటికి వచ్చి ఆమె చేయి పట్టుకుంది.

"లోపటికి రా బిడ్డా."

"నన్ను జూస్తె ఆయనకు బాధైతుంది పెద్దమ్మా."

"కానియ్. బాధ ఒక్కనికే ఎందుకు? వాని బతుకుల అందరు ఆడు ఆడు అన్నోళ్లే. కన్నతల్లిని నేను గూడ కప్పు దెస్తె మురిసిన. వద్దని మొత్తుకున్నది నువ్వే." ఆమె కళ్లు తుడుచుకుంది. "రేపు మీ నాయనను రమ్మను. నేను మాట్లాడుత. కుంటోనికి పిల్లనిస్తవా అని అడుగుత. ఇయ్యనంటె గప్పుడు జూద్దం."

రుచిత లోపలికి వెళ్లింది. పరమేశ్ ఆమెవైపు తిరిగాడు. తలుపు పూర్తిగా మూయలేదు, అంతా విన్నాడు.

"మా అవ్వ నన్ను అడగకుండనే నీకిచ్చేసింది," అన్నాడు.

"వద్దంటె చెప్పు."

అతను తల అడ్డంగా ఊపాడు. కళ్లలోంచి నీళ్లు చెవుల్లోకి జారాయి, తుడుచుకోలేదు. "గీత దగ్గర్నే ఉండె, రుచితా. జర జరిగితె అయిపోతుండె. నీ మీద కోపం పోతలేదు. పోవాల్నని గూడ లేదు ఇయ్యాల."

"ఉంచుకో. నేనేడికి వోత?"

అతను చేయి చాచాడు. ఆమె స్టూలు దగ్గరికి లాక్కుని ఆ చేతిని పట్టుకుంది.

"ఏమన్న అడుగు. రిపోర్టర్‌వి గద," అన్నాడు.

"ఉద్యోగం వోయింది. గిప్పుడు రిపోర్టర్‌ను గాదు."

"నేను ప్లేయర్ను గాదు."

బయట వాన హోరు పెరిగింది.

"మరి మనిద్దరం ఏం ముచ్చట వెట్టుకుంటం?" అడిగాడు పరమేశ్.

"తెల్వది," అంది రుచిత. "మొదలువెడ్తె ఎరుకైతది."