సిగ్నల్ దొరికే మెట్టు

“మూడు చాలు సార్. మామూలు తలుపే కదా, మూడు బందులు చాలు.”

“నాలుగు పెట్టించమనండి,” అన్నాను లోపలినుంచి.

ఆమె ఫోను చెవి దగ్గరే ఉంచుకుని వెనక్కి తిరిగింది. మా షాపు రెండో మెట్టు మీద, సరిగ్గా దారికి అడ్డంగా నిలబడి ఉంది. భుజాన ప్లాన్లు చుట్టి పెట్టుకునే గొట్టం, చేతిలో పొడవాటి స్కేలు. ఆ చూపు తగిలితే తుప్పు పట్టిన తాళమైనా ఊడి వచ్చేది.

“సార్, ఒక్క నిమిషం.” ఫోను మీద అరచేయి వేసింది. “మిమ్మల్నెవరైనా అడిగారా?”

“అడగలేదు. కానీ ఏడడుగుల తలుపు అన్నారు. మూడు బందుల మీద వేలాడదీస్తే రెండో వానాకాలానికి నేలకి రాసుకుంటుంది. ఆయన తిట్టేది మిమ్మల్నే.”

“బందులు అమ్ముకునేవాళ్ళు నాలుగే అంటారు. ఇంకాసేపు నిలబడితే ఆరంటారు.”

“నా మెట్టు మీద నిలబడి, నా గిరాకీని ఆపి, నా సరుకే తగ్గిస్తున్నారు. మీరు కాస్త ముందే వెళ్ళిపోతే నాకు లాభం.”

ఆమె ఫోను మళ్ళీ చెవికి ఆనించి, గొంతు మార్చకుండా, “సార్, ఆలోచిస్తే నాలుగే మేలనిపిస్తోంది,” అంది. నేను నవ్వు ఆపుకోలేకపోయాను. ఆమె ఆపుకుంది, కష్టపడి.

మాది తాళాలు, గడియలు, తలుపు బందులు అమ్మే షాపు. వెనకే ఇల్లు, ఇంట్లో నేనూ అమ్మా. ఆమె ఇళ్ళకి ప్లాన్లు గీస్తుంది. పక్క సందులో, వెనక వాటాలో, పిన్ని దగ్గర ఉండడానికి అప్పుడే వచ్చింది. ఆ వాటాకి మూడు వైపులా ఎత్తైన గోడలు. ఫోనులో సిగ్నల్ ఒక్క గీత కూడా రాదు. ఫోను పట్టుకుని సందంతా తిరిగితే మా రెండో మెట్టు మీద నాలుగు గీతలు కనిపించాయట.

“మా ఇంట్లో వైఫై బ్రహ్మాండంగా ఉంటుంది,” అంది రెండోరోజు. “పిన్ని రోజంతా సీరియళ్ళు చూస్తూనే ఉంటుంది. కానీ నంబరుకి కాల్ వస్తే మాత్రం చచ్చినా మోగదు. నా క్లయింట్లందరూ పాతకాలం మనుషులు, నంబరుకే చేస్తారు. దీనికి మార్గమే లేదా?”

ఉంది. ఆ మార్గం నాకు తెలుసు.

మా షాపు వెనక గదినిండా ఇనుమే. అక్కడా సిగ్నల్ రాదు. అప్పటికి ఆర్నెల్ల క్రితమే ఒక ఫోను మెకానిక్ తాళం కొనడానికి వచ్చి, నా ఫోను సెట్టింగ్స్‌లో వైఫై కాలింగ్ అన్నది ఆన్ చేసిపెట్టాడు. అప్పట్నుంచీ మామూలు నంబరుకి వచ్చే కాల్ కూడా ఇంట్లోని నెట్ మీదుగా వస్తుంది. అమ్మ ఫోనుకి నేనే పెట్టాను. పట్టుమని ఒక నిమిషం పట్టదు.

“ఈ సందులో అంతేనండీ,” అన్నాను. “ఇక్కడ నిలబడడమే మార్గం.”

నాకు లాభం ఉంటే అడగనిదీ చెబుతాను. లాభం లేకపోతే అడిగినా చెప్పను. వ్యాపారంలో ఈ పద్ధతి నన్నెప్పుడూ ముంచలేదు. ఆ రోజు మాత్రం దాన్ని తప్పుడు చోట వాడాను.

ఆమె రోజూ రావడం మొదలుపెట్టింది. వారం తిరిగేసరికి మెట్టు మీద నేనొక స్టూలు వేశాను. నెలకి మేం ‘మీరు’ నుంచి ‘నువ్వు’కి దిగాం. నన్ను ‘తాళాలరావు’ అని పిలిచేది.

“తాళాలరావూ, నీ షాపులో ఇన్ని తాళాలున్నాయి, నోటికి వేసుకునేది ఒక్కటీ లేదా?”

“ఉంది. నువ్వు కొంటావని దాచిపెట్టాను.”

అమ్మ ఆమెకి టీ తెచ్చేది. ఒకరోజు ఆమె గ్లాసు అందుకుంటూ, “మీ టీ తాగితే మా పిన్ని టీ నోటికి ఎక్కట్లేదు పెద్దమ్మా,” అంది.

నాకు పొలమారింది. అమ్మ పెద్దమ్మ అయితే నేను అన్నయ్యని కావాలి.

అమ్మ నా వీపు తడుతూ ఆమెకేసి చూసింది. “అత్తయ్యా అని పిలువమ్మా. నా ప్రాణానికీ హాయి, వీడి ప్రాణానికీ హాయి.”

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. టీ అయిపోయాక గ్లాసు అమ్మ చేతికిచ్చి, “వస్తాను అత్తయ్యా,” అని, మెట్లు రెండేసి చొప్పున దిగి పారిపోయింది. ఆ పూట నేను ఒకరికి తాళం ఒక డబ్బాలోదీ చెవులు ఇంకో డబ్బాలోవీ ఇచ్చి పంపాను.

చెబుదామని మూడుసార్లు అనుకున్నాను. ఆ ప్రతిసారీ లోపలి వ్యాపారి ఒకే ప్రశ్న వేశాడు: ఇంట్లోనే ఫోను మోగితే ఆమె ఇక్కడికెందుకు వస్తుంది? ఆమెని రప్పించే సరుకు నా దగ్గర ఆ మెట్టు ఒక్కటే అనుకున్నాను.

ఏడో నెలలో ఆమె వేరే ఊళ్ళో ఒక డిజైన్ ఆఫీసుకి ఇంటర్వ్యూకి వెళ్ళొచ్చింది. వాళ్ళు కట్టేవి స్కూళ్ళు.

“ఇన్నాళ్ళూ ఒకళ్ళ వంటింటి కిటికీ, ఇంకొకళ్ళ మేడమెట్లు,” అంది, స్టూలు మీద మోకాళ్ళు దగ్గరికి లాక్కుని. “ఒక్క స్కూలు, గేటు నుంచి గంట కొట్టే చోటు దాకా, మొత్తం నేనే గీయాలి. ఆ కాగితం మూల నా సంతకం ఉండాలి. బాగానే చేశాననుకుంటున్నా. ఈ వారంలో ఫోన్ చేస్తామన్నారు.”

“వస్తే వెళ్ళిపోతావా?”

“రానీ ముందు. ఏం, వెళ్ళొద్దని చెప్పేవాళ్ళెవరైనా ఉన్నారా?”

కళ్ళెత్తి చూసింది. చెప్పాల్సింది నేనే. “కొత్త తాళాలొచ్చాయి, చూస్తావా?” అన్నాను. ఇంతకంటే తెలివితక్కువ మాట నా నోటినుంచి ఇంతవరకూ రాలేదు.

గురువారం పొద్దుట మొదలైన వాన, వచ్చిన పని మరిచిపోయిన చుట్టంలా కదలనే లేదు. సందులో మోకాలిలోతు నీళ్ళు. మా మొదటి మెట్టు మునిగిపోయింది. ఆమె రాదని తెలుస్తూనే ఉంది. నేను వెనక గదిలో కూర్చుని గిరాకీలతో సుఖంగా ఫోనులో మాట్లాడుతున్నాను.

మధ్యాహ్నం గొడుగు తీశాను. వెళ్ళి, ఆమె ఫోనులో ఆ ఒక్కటి ఆన్ చేసి వద్దామని. గుమ్మం దాకా వెళ్ళాను. ఒక్కరోజే కదా, ఈరోజే వస్తుందా ఏమిటి ఆ ఫోను అనుకున్నాను. వస్తే వెళ్ళిపోతుంది అని కూడా అనుకున్నాను. అనుకోలేదని అబద్ధం చెప్పలేను. గొడుగు మళ్ళీ మూల పెట్టేశాను.

మర్నాడు నీళ్ళు తీశాక వచ్చింది. మెట్టు ఎక్కగానే ఆమె ఫోను వరసగా మూడుసార్లు టింగుమంది. ఆ మూడూ నిన్నటి మిస్డ్ కాల్స్, ఒకే నంబరు నుంచి. వెంటనే తిరిగి చేసింది. నేను కౌంటరు వెనక నిలబడి ఆమె ముఖం చూస్తున్నాను. మొదట నవ్వు. తరవాత, “అవును మేడమ్.” తరవాత, “ఇంట్లో సిగ్నల్ ఉండదు మేడమ్.”

“నాకే ఇద్దామనుకున్నారట,” అంది ఫోను దించి. “నిన్న సాయంత్రంలోగా తేల్చాలట. మూడుసార్లు చేస్తే అందలేదు. జాబితాలో రెండో పేరున్న అమ్మాయికి చేస్తే మొదటి రింగుకే ఎత్తిందట.”

టీ తెస్తున్న అమ్మ అంతా విని నొచ్చుకుంది.

“అయ్యో తల్లీ! మరి నీ ఫోను ఇంట్లో మోగదెందుకే? మావి ఆ ఇనుప గదిలో కూడా మోగుతాయి. వీడేదో నొక్కాడు, అప్పట్నుంచీ. నీకు నొక్కిపెట్టలేదూ?”

ఆమె నా వైపు తిరిగింది.

“ఏం నొక్కావు?”

“వైఫై కాలింగ్ అని ఒకటుంది.”

“ఎప్పుడు తెలిసింది నీకు?”

‘మొన్ననే’ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాట చెల్లేది కూడా. ఆమె నమ్మాలనే చూస్తోంది.

“నువ్వు ఈ మెట్టు ఎక్కకముందే,” అన్నాను.

అమ్మ చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. ఆమె ఫోను నా ముందుకు చాపింది.

“పెట్టు.”

పెట్టాను. సెట్టింగ్స్ తెరిచి ఒక మీట పక్కకి జరిపాను. షెల్ఫులోంచి తాళం తీసి ఇచ్చేపాటి సమయం కూడా పట్టలేదు.

“ఇంతేనా?”

“ఇంతే.”

“ఏడు నెలలు నన్ను ఎండలో, వానలో నిలబెట్టావు, ఇంతదానికి.” గొంతు పెంచలేదు. పెంచితే నాకు కాస్త తేలికయ్యేది. “వస్తాను ఆంటీ,” అని అమ్మకి చెప్పి, ఒక్కొక్క మెట్టే దిగి వెళ్ళిపోయింది.

‘అత్తయ్యా’ పోయి ‘ఆంటీ’ వచ్చినందుకు అమ్మ నాతో రెండ్రోజులు మాట్లాడలేదు.

నేను ఫోన్ చేశాను. మోగింది. ఇదివరకు ఆమె ఎత్తకపోతే సిగ్నల్ లేదని సరిపెట్టుకునేవాణ్ణి. ఇప్పుడు ఇంట్లో మోగుతోందని నాకు తెలుసు, మోగేలా పెట్టింది నేనే. ఆమె ఎత్తడంలేదంటే ఎత్తకూడదనుకుందని అర్థం. సరిపెట్టుకోవడానికి ఇక వేరే సాకు లేదు. రెండుసార్లు వాళ్ళింటికి వెళ్ళాను. రెండుసార్లూ పిన్నిగారే తలుపు తీసి, “పడుకుంది బాబూ,” అన్నారు. లోపల కాగితం మీద స్కేలు జరుగుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.

రెండు నెలల తరవాత ఆమె ఇంకో ఊరికి వెళ్ళిపోయింది. చిన్న ఆఫీసు, వేరేవాళ్ళు గీసినవి శుభ్రంగా తిరగగీసే పని. ఆ సంగతి అమ్మ చెబితే తెలిసింది.

ప్రతి ఆదివారం ఒకసారి చేసేవాణ్ణి. ఒక్కసారే. పూర్తిగా మోగి ఆగిపోయేది. తొమ్మిదో ఆదివారం ఎత్తింది.

“చెప్పు,” అంది.

ఎన్నో మాటలు సిద్ధం చేసుకున్నాను. ఒక్కటీ రాలేదు. “తప్పు చేశాను. నువ్వు రావడం మానేస్తావని భయపడ్డాను. నువ్వంటే నాకు ఇష్టం. ముందు చెప్పాల్సింది ఇది,” అన్నాను.

లైను ఎంత బాగుందంటే, ఆమె ఊపిరి పక్కనే ఉన్నట్టు వినిపిస్తోంది.

“నీకు అన్నీ లెక్కే కదా,” అంది చివరికి. “ఒకటి అడుగుతా. నాకు రోజుకి ఎన్ని ఫోన్లు వచ్చేవి?”

“రెండు. ఎప్పుడైనా మూడు.”

“నేను రోజుకి ఎన్నిసార్లు వచ్చేదాన్ని?”

లెక్కపెట్టాను. పొద్దున్న షాపు తీయగానే ఒకసారి. అమ్మ టీ పెట్టేవేళకి ఒకసారి. భోజనానికి ముందు, భోజనమయ్యాక. వాన ఆగితే ఆగిందని చెప్పడానికి ఒకసారి. సాయంత్రం రెండుసార్లు.

“ఆరేడు సార్లు,” అన్నాను.

“ఊఁ,” అంది.

మరి మిగతా నాలుగైదుసార్లూ ఎందుకొచ్చేదానివని నేను అడగలేదు. ఆమె కూడా చెప్పలేదు.

“పనుంది, పెట్టేస్తున్నా,” అని పెట్టేసింది. నేను వెనక గదిలో, అటూ ఇటూ ఇనుము మధ్య, ఫోను చెవికి ఆనించుకుని అలాగే కూర్చున్నాను.