గోడ మీద మనిషి

రుచిత నవోదయ పరీక్ష కోసం లెక్కలు చేస్తుండగా కరెంటు పోయింది. బయట ముసురు. సాయంత్రమే అయినా ఇల్లంతా చీకటి కమ్ముకుంది. న్యాల్‌కల్‌లో పొలానికి వెళ్లిన అమ్మానాన్న వానకు అక్కడే ఆగిపోయారు.

"అక్కా, గోడ మీద ఎవరో ఉన్నరు," అన్నాడు ఆరేళ్ల తమ్ముడు వికాస్.

రుచిత నడింట్లోకి తొంగిచూసింది. కిటికీలోంచి ఎర్ర వెలుగు మెరిసి ఆరింది. అది రోడ్డవతల దాబా బోర్డుది; అక్కడి దుకాణాలకు ఇన్వర్టర్లున్నాయి. గోడ మీద వంకర నీడొకటి పడి పోయింది. తర్వాత అక్కడి మెడికల్ షాపు బోర్డు పచ్చగా మెరిసింది. గుండ్రటి నీడ పడింది, పోయింది.

ఉన్నట్టుండి రెండూ ఒక్కసారే మెరిశాయి. గోడ మీద మనిషి నిలబడ్డాడు. తల, భుజాలు, వేలాడే చేతులు. మరుక్షణం లేడు.

రుచితకు భయమేసింది. అయినా మనసులో అంకెలు లెక్కపెట్టుకుంటూ చూసింది. ఎర్రది ఆరు అంకెలకోసారి, పచ్చది ఎనిమిది అంకెలకోసారి మెరుస్తోంది. రెండు అంకెలు కనబడితే చటుక్కున గుణించేయడం ఆమెకు అలవాటు.

"ఆరెనిమిదులు నలభై ఎనిమిది. వాడు పోయినంక నలభై ఎనిమిది లెక్కపెట్టేదాక మళ్ల రాడు. ఫికర్ చెయ్యకు. నువ్వు పోయి నడింట్ల బల్ల మీది టార్చి పట్టుకరా."

నిజానికి లోపలికి వెళ్లడానికి తనకే ధైర్యం చాలలేదు.

మనిషి వచ్చి మాయమయ్యాడు. రుచిత పైకి లెక్కపెట్టసాగింది. వికాస్ చీకట్లో బల్ల తడుముతున్నాడు. ఇరవై రెండు, ఇరవై మూడు, ఇరవై నాలుగు...

సరిగ్గా వికాస్ ఎదుట మనిషి లేచి నిలబడ్డాడు.

వికాస్ కెవ్వుమని పరుగెత్తుకొచ్చాడు. "రాడన్నవు కదా," అన్నాడు వెక్కుతూ. రుచిత చెయ్యి పట్టుకోబోతే విదిలించుకున్నాడు.

ఆ భయం కన్నా ఇది ఎక్కువ బాధపెట్టింది. ఈసారి ఆమె గుణించలేదు. వేళ్లు ముడుస్తూ పోయింది. ఎర్రది ఆరు, పన్నెండు, పద్దెనిమిది, ఇరవై నాలుగు. పచ్చది ఎనిమిది, పదహారు, ఇరవై నాలుగు. నలభై ఎనిమిదికీ కలుస్తాయి, నిజమే. కానీ అంతకు ముందే ఒకసారి కలుస్తాయి.

"తప్పు నాదేరా. ముందుగాల ఎప్పుడు కలుస్తయో చూడలే. ఈసారి నేను పోత. నువ్వు గడప కాడ్నే ఉండు."

"వాడొస్తే?"

"వస్తడు. ఇరవై నాలుగుకు."

మనిషి ఒకసారి వచ్చి పోగానే రుచిత లెక్కపెడుతూ వెళ్లి గోడ ముందు నిలబడింది. ఇరవై నాలుగు అనగానే మనిషి లేచాడు. ఆమె పారిపోలేదు, వెనక్కి తిరిగి చూసింది. కిటికీ చువ్వకు నాన్న రెయిన్‌కోటు వేలాడుతోంది. కిటికీ గట్టు మీద కుండ ఉంది. ఎర్ర వెలుగుకు కోటు నీడ, పచ్చ వెలుగుకు కుండ నీడ. రెండూ కలిస్తే మనిషి.

"కోటు, కుండ. గంతే," అంది.

వికాస్ మెల్లగా వచ్చి పక్కన నిలబడ్డాడు. "మళ్లొస్తడా?"

"వస్తడు. ఈసారి నువ్వు లెక్కపెట్టు. నేనిక్కడ్నే ఉంట."

వాడు లెక్కపెట్టాడు. ఇరవై నాలుగు అన్నప్పుడు కళ్లు మూసుకోలేదు. అక్క చెయ్యి మాత్రం గట్టిగా పట్టుకున్నాడు.