9F తర్వాతే 100

"మాది 9F. మా వెనకాల వచ్చిన 100 అప్పుడే అమ్ముడుపోయింది. ఇదేం లెక్క సార్?"

కిటికీ ఊచల మధ్య నుంచి టోకెన్ చీటీ లోపలికి వచ్చింది. చీటీ పట్టుకున్న వేళ్ళకు టమాటా ఆకు పసరు అంటి ఉంది.

లోపల కంప్యూటర్ ముందున్న గిరీశ్ తలెత్తి ఆ అమ్మాయిని చూశాడు. కావలసిన దానికంటే కొంచెం ఎక్కువసేపే చూశాడు.

"నన్ను కాదు సార్, చీటీని చూడండి."

కోలారు టమాటా మార్కెట్‌లోని ఆ మండీలో కంప్యూటర్ పెట్టి రెండు రోజులే అయింది. బండి వచ్చిన క్రమంలో టోకెన్, టోకెన్ క్రమంలో వేలం. టోకెన్ మెషీన్ పదహారు లెక్కలో నంబర్లు వేస్తుంది. 9 తర్వాత A, B అంటూ F దాకా పోయి, ఆ తర్వాత 10 వేస్తుంది. గోడమీద స్క్రీన్‌లో కనిపించే లిస్టు గిరీశ్ రాసిన ప్రోగ్రామ్. అతని ఊరు కేజీఎఫ్, కోలారు బంగారు గనుల ఊరు. వాళ్ళ నాన్న సుబ్బరాయప్పకు అక్కడి రాబర్ట్‌సన్‌పేటలో కిరాణా అంగడి ఉంది.

గిరీశ్ లిస్టు చూశాడు. 1, 10, 100, 101. 9F ఎక్కడో కింద ఉంది.

"తప్పు మాదే," అన్నాడు. "లిస్టు వీటిని నంబర్లనుకోలేదు, మాటలనుకుంది. డిక్షనరీలో పేర్చినట్టు మొదటి అక్షరం చూసి పేర్చింది. 1తో మొదలయ్యేవన్నీ పైకి, 9తో మొదలయ్యేవి కిందికి పోయినాయి."

"అది నంబరని మెషీన్‌కి తెలుసా?"

"మెషీన్‌కి తెలుసు. లిస్టుకి తెలియదు."

"దానికెవరు చెప్పాల?"

"నేనే."

"చెప్పండి మరి. సుమ్మనే, ఊరికే కూర్చున్నారే!"

ఆమె వెళ్ళిపోయాక గుమాస్తా సొన్నప్ప నవ్వాడు. "కామసముద్రం చిక్కవెంకటప్ప కూతురప్పా. పేరు చైత్ర. ఎమ్మెస్సీ చదువుతా ఉండాది. తోటలో కోత ఉన్న రోజుల్లో లోడుతో వచ్చి, ఇట్నుంచి ఇట్నే కాలేజీకి పోతాది."

"నేను అడగలేదే."

"నీ మొగం అడిగింది."

ఆ సాయంత్రం గిరీశ్ ప్రోగ్రామ్ మార్చాడు. మాటల్లా కాకుండా నంబర్లలా పేర్చమని రాశాడు. తొందరలో ఒకటి మరిచిపోయాడు. ఏ లెక్కలో నంబర్లో చెప్పలేదు.

మరుసటి లోడు రోజున చిక్కవెంకటప్ప టోకెన్ A3. మామూలు లెక్కలో A అంకె కాదు కాబట్టి ప్రోగ్రామ్ దాన్ని సున్నా అనుకుంది. అక్షరాలున్న టోకెన్లన్నీ సున్నాలై పైకి చేరాయి. సున్నాల్లో ఏది ముందో లెక్క లేక, అన్నిటికంటే పైన A3 పడింది.

"ఓహో! మామగారికి మొదటి సీటు!" అని సొన్నప్ప కేకేశాడు. మండీ అంతా నవ్వింది.

ఒకటో టోకెన్ గంగప్పది. ఆయన నవ్వలేదు. "ఏమప్పా చిక్కవెంకటప్పా, కూతుర్ని కిటికీ కాడికి పంపించి లైను దాటినావా?"

చిక్కవెంకటప్ప తెరిచిన క్రేట్ల మీద టార్పాలిన్ పట్టా మళ్ళీ కప్పాడు. వేలం పాడేవాళ్ళు వస్తే చేయి అడ్డం పెట్టాడు. "మా ముందొచ్చినోళ్ళదంతా అయిపోనీ. అప్పుడు రండి."

చైత్ర కిటికీ దగ్గరికి వచ్చింది. ఈసారి గొంతు పెంచలేదు.

"మా నాయన ఇన్నేండ్లలో ఒక్కరితో మాట పడలేదు."

"నేను కావాలని చెయ్యలేదు. చూడు, B, C, AF అన్నీ పైకే వచ్చినాయి."

"నేను నమ్ముతా. ఒక్కొక్కరినీ పిలిచి ఈ స్క్రీన్ చూపిస్తావా?"

ఇద్దరూ 'నువ్వు'లోకి దిగారని ఇద్దరికీ ఒకేసారి తట్టింది. ఎవరూ సరిచేసుకోలేదు.

"సరిగ్గా చేసి చూపిస్తా," అన్నాడు గిరీశ్.

"చెయ్యి. చేసేదాకా నేను ఈ కిటికీకి రాను."

ఈసారి అతను తొందరపడలేదు. స్క్రీన్ మీద టోకెన్‌ను ఉన్నది ఉన్నట్టే ఉంచాడు. పోల్చేటప్పుడు మాత్రం ప్రతిదాన్నీ పదహారు లెక్కలో చదివి, వచ్చిన విలువతో పోల్చమన్నాడు. 9F అంటే నూట యాభై తొమ్మిది. 100 అంటే రెండు వందల యాభై ఆరు. పాత టోకెన్లన్నీ కలగలిపి ఎక్కించి, వరసలో పేర్చమని పైనున్న 'టోకెన్' శీర్షిక మీద క్లిక్ చేశాడు. 9, A, B. F తర్వాత 10. 9F తర్వాతే 100.

లిస్టు కుదురుకుంది. గంగప్పే వచ్చి, "ఇప్పుడు సరిగా ఉండాదప్పా," అన్నాడు. చైత్ర మాత్రం రాలేదు. లోడుతో వచ్చేది, కిటికీ వైపు చూసేది, బస్సెక్కేది. ఆ చూపు కోసం గిరీశ్ కుర్చీని కిటికీ పక్కకు జరుపుకున్నాడు.

"కరెంటు ప్లగ్గు ఆ పక్కనుండాది," అన్నాడు సొన్నప్ప.

"వైరు పొడుగ్గానే ఉంది."

ఒకరోజు తెల్లవారుజాము నుంచి వాన. బంగారుపేట దగ్గర టెంపో టైరు పంక్చరై చిక్కవెంకటప్ప లోడు ఆలస్యంగా వచ్చింది. టోకెన్ 112. బయటి ఊళ్ళ లారీలు నిండుతున్నాయి. అడుగున ఉన్నవాళ్ళకు రేటు పడిపోతుందని అందరికీ తెలుసు.

సొన్నప్ప కుర్చీ దగ్గరికి వంగి మెల్లగా అన్నాడు. "పాత ప్రోగ్రామ్ ఉండాదా? అది వెయ్యి. 112 ఒకటితో మొదలయ్యేదే కదా, పైకి పోతాది. ఎవరికి తెలుస్తాది?"

గిరీశ్ కిటికీలోంచి చూశాడు. చైత్ర పుస్తకాల సంచీని నెత్తిమీద పెట్టుకుని, వానలో క్రేట్లు దించుతోంది.

"ఆమెకి తెలుస్తుంది," అన్నాడు.

112 స్క్రీన్ మీద అడుగున, 111 కిందనే నిలిచింది. వేలం అక్కడికి వచ్చేసరికి చాలామంది కొనేవాళ్ళు వెళ్ళిపోయారు. రేటు తక్కువే పలికింది.

చిక్కవెంకటప్ప తలగుడ్డ పిండుకుంటూ ఆఫీసు గుమ్మంలోకి వచ్చాడు. గిరీశ్ లేచి నిలబడ్డాడు.

"లిస్టు రాసేది నువ్వేనా?"

"నేనే అయ్యా. మీది అడుగున..."

"చూసినా. లేటుగా వచ్చినాం, అడుగున ఉండాము. ఆ పొద్దు పైన పెట్టినావు, ఎవరి మొగం చూసేదానికీ నాకు కాలేదు. ఈ పొద్దు నష్టమొచ్చినా, గంగప్ప పక్కన కూర్చొని టీ తాగుతా." చెప్పి టీ అంగడి వైపు వెళ్ళాడు.

ఆయన వెళ్ళిన కాసేపటికి చైత్ర కిటికీ దగ్గరికి వచ్చింది. జుట్టు నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"పైన పెట్టుంటే ఏం చేసేదాన్నో తెలుసా?"

"వచ్చి కొట్లాడేదానివి."

"లేదు. ఇంగెప్పుడూ వచ్చేదాన్ని కాదు."

"ఇప్పుడు వచ్చినావు కదా."

"వచ్చినా. అడుగు."

"ఏమి?"

"ఇన్ని రోజులు కుర్చీ జరుపుకొని కూర్చున్నావే, అది."

గిరీశ్ ఊచల దగ్గరికి జరిగాడు. "నాకు నువ్వంటే ఇష్టం. పెళ్ళి చేసుకుందామా?"

"ఇంత లేటా?" అంది చైత్ర. "నాకూ ఇష్టమే. కానీ మీది అంగడి, మాది చేను. మీ అమ్మ ఏమంటాదో?"

"అడుగుతా. ఒప్పుకోకపోతే ఒప్పుకునేదాకా అడుగుతా. మీ నాయన?"

ఎవరో దగ్గారు. రెండు చేతుల్లో రెండు టీ గ్లాసులతో చిక్కవెంకటప్ప వానలోనే నిలబడి ఉన్నాడు. ఎప్పటి నుంచి నిలబడ్డాడో, గ్లాసుల్లో వాన నీళ్ళు పడి టీ పలచబడింది.

ఒక గ్లాసు కూతురికి ఇచ్చి, రెండోది ఊచల మధ్య నుంచి గిరీశ్‌కు అందించాడు.

"మీ అమ్మానాయన్ని ఆదివారం రమ్మనప్పా," అన్నాడు. "ఆ పొద్దు మాకు కోత లేదు."