నలభయ్యవ తలుపు

మూడో అంతస్తులో భూమేశ్ తన స్టూలును గుమ్మం బయట పెట్టుకుని దాని పక్కనే నిలబడి ఉన్నాడు. స్టూలు కాళ్లకు ఎక్కడా దుమ్ము లేదు. ఎత్తుకుపోయి తగలబెట్టేదాన్ని పొద్దున్నే తడిగుడ్డతో తుడిచాడన్నమాట.

"ఓదెలన్నా, నాలుగూ పదికి ఎత్తుకపోతరని రాసున్నది. నాకు నాలుగింటికి మీటింగున్నది. నాలుగూ నలభైకి జరుపరాదు?"

"దొంగలకు ఇంకా మూడిండ్లున్నయి భూమేశ్ సారూ. నిన్ను జరిపితే ఆ మూడూ జరపాలె."

"సరే, తలుపు తెరిచిపెడ్త. సప్పుడు చెయ్యకుంట తీసుకపొమ్మను. ఇంకో ముచ్చట. మా ఇంటామె స్టూలు వద్దంటున్నది. బట్టలు తగిలేసే కొయ్య ఉన్నది, అది రాసుకోరాదు?"

ఓదెలు పలక మీద స్టూలును కొట్టేసి కొయ్య అని రాశాడు. వెంటనే చెవిబిళ్లలోంచి నెమ్మది మాట్లాడింది, వార్డు లెక్కలన్నీ చూసే యంత్రం. దాని గొంతు ఎప్పుడూ ఒకటే తీరు. కడుపునిండా తిని కూర్చున్న మనిషి గొంతులా నిదానంగా ఉంటుంది.

"వస్తువు మారితే చౌర్యసమ్మతి పత్రం మొదటి నుంచి నింపాలి. యజమాని వేలిముద్ర, సాక్షి వేలిముద్ర. ఎత్తుకుపోయే సమయంలో ఆశ్చర్యపడనని యజమాని హామీ."

భూమేశ్ ఆశ్చర్యపడనని హామీ ఇచ్చి వేలు పెట్టాడు. సాక్షిగా ఓదెలు వేలు పెట్టాడు. స్టూలు కొట్టేసినప్పుడు ముప్పై ఎనిమిదికి దిగిన అంకె పలక మీద మళ్లీ ముప్పై తొమ్మిదికి ఎక్కింది.

ఇంకొక్కటి కావాలి. సాయంత్రం ఆరు లోపల.

కుమ్మరికుంట కాలనీకి సందడి కోటా నలభై ఇళ్లు. కామునిపున్నమ నాడు నలభై ఇళ్ల నుంచి కర్ర సామాను దొంగతనంగా పోయిందని లెక్క తేలితే, వార్డు ఆఫీసు ముందరి ఇనుప గుంటకు పదకొండు నిమిషాల నిప్పు వస్తుంది. తేలకపోతే చల్లమంట. గుంటలోంచి ఎర్రటి వెలుతురు లేచి ఆడుతుంది. పక్కన కూర్చుంటే ఒళ్లు వెచ్చబడదు, పొద్దున చూస్తే బూడిద ఉండదు. పక్క వార్డువాళ్లు రెండేళ్లుగా దాని చుట్టే తిరుగుతున్నారు. ఒకసారి చల్లమంట వచ్చిన చోటికి మళ్లీ నిప్పు రాదు. నిప్పుతో పాటే ఉగాది పచ్చడి కుండ కూడా పోతుంది, శ్రీరామనవమి పందిరీ పోతుంది. మూడింటినీ ఒకే కోటాకు కట్టేశారు.

కర్ర సామాను ఉండి కూడా వేలు పెట్టని ఇల్లు ఈ కాలనీలో ఒక్కటే మిగిలింది. తక్కిన ఇళ్లలో కర్ర అన్నదే లేదు. పండుగ జరిపించే సందడికర్త ఓదెలే కనుక అతని ఇల్లు లెక్కలోకి రాదు.

కింది అంతస్తు ఆరో నంబరు ముందు లసుమమ్మ పీట వేసుకుని కూర్చుంది. ముందర గిన్నెలో రేపటి రంగుకు మోదుగ పూలు నానుతున్నాయి. మోదుగ ఈ ఏడు మాఘంలోనే పూసింది. ఎండ ముందే ముదిరిపోయి రేకల్లో రంగు పలచబడింది. ఆమె గుప్పెడేసి తీసి పిసుకుతోంది. డెబ్బై ఆరేళ్ల చేతులు మోచేతుల దాకా పసుపెరుపుగా ఉన్నాయి. ఆమె వెనక గోడకు ఒక పాత తలుపు రెక్క ఆనించి ఉంది. మద్దికర్ర. అడుగున చెదలు తిన్న చోట అర్ధచంద్రంలా గుంట. కొండి ఉండే చోట చేతులు పడీ పడీ నున్నబడిన నల్లటి మరక. దాని మూలలో గోరంత గుర్తుగింజ మెరుస్తోంది. ఊళ్లో ప్రతి కర్ర ముక్కకూ అది ఉంటుంది. ముక్క కదిలితే నెమ్మదికి తెలుస్తుంది.

"వచ్చినవా కాయితాల దొంగా," అంది లసుమమ్మ తలెత్తకుండానే.

"పెద్దమ్మా, ఒక్క వేలు. ఆరయితే లెక్క మూస్తది."

"ఏడాదికోపారి వస్తనే ఉన్నవు, నేను చెప్తనే ఉన్న. చెప్పి ఎత్తుకపోతే అది దొంగతనమెట్లయితది? ఇల్లు ఖాళీ చేసినట్టయితది."

"ఇగ మొత్తమే పోతది. నిప్పుండది, కుండ ఉండది, పందిరుండది."

"పోనియ్యి."

"పోనిచ్చేదానివి పూలెందుకు నానబెట్టినవు మరి?"

ఆమె పిసకడం ఆపి అతన్ని ఎగాదిగా చూసింది. "నోరు మంచిగనే ఉన్నది నీకు. చేతులే లెవ్వు."

ఓదెలు మెట్టు మీద కూర్చున్నాడు. పలక ఒళ్లో పెట్టుకున్నాడు. ఆమె గిన్నెలోకి చూస్తూనే చెప్పసాగింది.

"మా అత్త ఏం చేసిందో ఎరికేనా? కామునికి మంచం ఎత్తుకపోతరని మంచం మీదనే అడ్డం పడి పండుకున్నది. మంచంతోని అత్తను గూడ లేపుకపోయి గుంట కాడ దించిండ్రు. కండ్లు తెరిచి చూస్తే సుట్టూ వాడకట్టు. ఒక్కొక్కని పేరు పెట్టి, వాని తాత పేరు పెట్టి తిట్టింది. తిట్టుడు అయినంక ఆమె చేతితోనే మంట ముట్టిచ్చిండ్రు. ఆ ఏడు వాడకట్టుల మా ఇల్లంటే ఇల్లు. ఏమీ పోని ఇంటోళ్లు తలకాయ దించుకుని తిరిగేటోళ్లు."

"నాకు ఎరుకలేదా పెద్దమ్మా."

"ఎరుకుంటె చెప్పు. పన్నెండేండ్లాయె ఈ రెక్క బయట పెట్టి. గొలుసు లేదు, తాళం లేదు. ఒక్కడు ముట్టలె. నా ఇంట్ల ఎత్తుకపోయేంతది ఏం లేదా ఓదెలూ?"

ఆ సమ్మతి పత్రం పుట్టించింది ఓదెలే.

నెమ్మది ఈ వార్డుకు వచ్చిన మొదటి కామునిపున్నమ నాడు ఒక్క సాయంత్రంలో రెండువందల పన్నెండు దొంగతనాలు నమోదయ్యాయి. కావలి బండ్లు పదిహేడు వచ్చాయి. నలుగురికి రెండు నెలల నీళ్ల వంతు కోత పడింది. పండుగే నిషేధమని ముసాయిదా తయారైంది. అప్పుడు ఓదెలు, పల్లెటూరి బడిలో పది చదివి వచ్చినవాడు, వార్డు ఆఫీసులో ఒక మధ్యాహ్నం కూర్చుని ఉపాయం కనిపెట్టాడు. ఇంటివాళ్లే ముందుగా ఒప్పుకుంటే నేరం కాదు కదా అని రాసి పంపాడు. నెమ్మది దాన్ని వెంటనే స్వీకరించింది. అందరూ భుజం తట్టారు. పండుగ బతికిందన్నారు. మరుసటేడు నూటతొంభై సమ్మతులు. ఆ పైయేడు నూట ముప్పై. అడిగి తీసుకుపోయేదాని కోసం కిటికీలోంచి తొంగి చూసేవాడు ఎవడూ ఉండడని ఓదెలుకు అర్థమయ్యేసరికి అంకె నలభై మీదికి వచ్చి నిలిచింది. కాపాడాననుకుని తన చేతులతోనే దాన్ని ఎండబెట్టాడు.

అతను లేచి వరండా చివరికి వెళ్లి చెవిబిళ్ల నొక్కాడు.

"ఆమె రెక్కను బయట పెట్టుకున్నది. ఎత్తుకపోవాల్నని మనసుల ఉన్నది. అది సమ్మతి కాదా?"

"బయట పెట్టడం నిర్లక్ష్యం," అంది నెమ్మది. "సమ్మతి వేరు."

"ఎత్తుకపోతే ఆమె సంతోషపడ్తది."

"అయితే వేలిముద్ర వేయమనండి."

"వేస్తే సంతోషపడది."

"మీ వాక్యం పరస్పర విరుద్ధంగా ఉంది. మళ్లీ చెప్పండి."

ఓదెలు బిళ్ల మీంచి వేలు తీసి ఆఫీసు వైపు నడిచాడు.

ఐదూ నలభై అయింది. ఆఫీసు ముందు ముప్పై తొమ్మిది వస్తువులు నంబర్ల వారీగా వరసలో పేర్చి ఉన్నాయి. అధీకృత దొంగలిద్దరూ పని ముగించి చేతులు కడుక్కుంటున్నారు. భూమేశ్ బట్టల కొయ్య చివర్న ఉంది, ఇంకా ఒక హ్యాంగరు దానికి వేలాడుతూనే ఉంది. జనం యాభైమంది దాకా వచ్చి నిలబడ్డారు. ఎవరూ ఎవరినీ ఏమీ అనడం లేదు. బస్సు కోసం నిలబడ్డట్టు నిలబడ్డారు. గుంట మూతకు తాళం ఎర్రగా వెలుగుతోంది.

ఓదెలు ఆ వరసను ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు. పలకను గుంట గట్టు మీద బోర్లించి వెనక్కి నడిచాడు.

ఆరో నంబరు లోపల లసుమమ్మ గిన్నె కడుగుతున్న చప్పుడు. ఓదెలు తలుపు రెక్క కిందికి చేయి పెట్టాడు. తను అనుకున్నదానికంటే బరువు. గోడకూ రెక్కకూ మధ్యలోంచి ఒక బల్లి జారి పారిపోయింది. రెక్కను వీపు మీదికి ఎత్తుకున్నప్పుడు పాత ఆముదం వాసన, పొగ వాసన ముక్కుకు తగిలాయి.

"ఓదెలు గారూ, ఈ వస్తువుకు సమ్మతి లేదు. కింద పెట్టండి."

అతను నడుస్తున్నాడు.

"రెండోసారి చెబుతున్నాను. ఇది చౌర్యం. సందడికర్త హోదా పోతుంది. నీళ్ల వంతు కోత పడుతుంది."

"ఎరికే."

వెనక గిన్నె కింద పడ్డ చప్పుడైంది.

"ఓరి నీ చేతులు పడిపోను! నా తలుపు రా! ఎవడ్రా అది? ఓదెలుగా, నీ ముంజేతులు ఇరుగ, పట్టపగలు ముసలిదాని ఇంట్ల సొరబడ్తవా? మీ అయ్య గూడ ఇట్లనే మా కోళ్లగంప లేపుకపోయిండు, ఆయనకు పుట్టినోనివి కాదంటరా నిన్ను!"

నాలుగు అంతస్తుల్లోనూ కిటికీలు తెరుచుకున్నాయి. ఆమె కొంగు నడుముకు బిగించి, రంగు చేతులు ఊపుకుంటూ వెంటపడింది. పడిపోతుందేమోనని ఓదెలు కొంచెం నెమ్మదించాడు. "ఉరుకు, సచ్చినోడా, ఉరుకు! ఆగుతవేంది దొంగవై!" అని ఇంకా గట్టిగా అరిచింది. ఎవరో పైనుంచి నవ్వారు. భూమేశ్ ఇంకా తెగని మీటింగు వదిలేసి రెయిలింగు మీదికి వంగి, "ఓదెలన్నా, ఎడమకు మళ్లు! దొరుకుతవు!" అన్నాడు.

ఓదెలు రెక్కను ఆ చక్కటి వరస మీద అడ్డంగా విసిరాడు. స్టూళ్లూ పీటలూ ఒకదాని మీదొకటి కూలి మొదటిసారి అది కుప్పలా కనిపించింది. కుప్ప మీద పడ్డదాన్ని వాపసు అడగరు. లసుమమ్మ కుప్ప దగ్గరకు వచ్చి ఆగింది. రొప్పుతోంది. ముఖమంతా ఎర్రబడింది. కళ్లలో ఏముందో ఓదెలు సూటిగా చూడలేకపోయాడు.

ఆఫీసు గోడకున్న పెద్ద గొంతుతో నెమ్మది పలికింది. "లసుమమ్మ గారూ, మీ వస్తువు పోయింది. ఫిర్యాదు నమోదు చేస్తున్నాను."

"ఫిర్యాదా? ఎవలు చెప్పిండ్రు నీకు?"

"మీరు తిట్టారు. మీ గొంతులో బాధ నమోదైంది."

"తిట్టిన. దొంగను తిట్టక ముద్దు పెట్టుకుంటరా?"

"అయితే సమ్మతి ఉందా?"

"ఎక్కడిది? సమ్మతుంటె తిడ్తనా?"

గోడ మీంచి గొంతు అదే తీరుగా వచ్చింది. "బాధ ఉంది. ఫిర్యాదు లేదు. సమ్మతి లేదు. ఇటువంటి గడి పట్టికలో లేదు. ఈ వస్తువు లెక్కకు రాదు. లెక్క ముప్పై తొమ్మిది. ఇంకా తొమ్మిది నిమిషాలు."

జనంలో సణుగుడు లేచింది. ఎవరో గుంట మూతను కాలితో తన్నారు. ఓదెలు భుజం రుద్దుకుంటూ నిలబడ్డాడు. పన్నెండేళ్ల విసుగంతా అతని చేతుల్లోకి దిగింది. ఆ పట్టికలో ఏ గడి ఉందో ఏది లేదో అతనికంటే బాగా తెలిసినవాడు లేడు. సగం గడులు అతను గీసినవే.

అతని చూపు ఆఫీసు గుమ్మం మీదికి పోయింది. అక్కడ టేకు బోర్డు ఒకటి ఉంది. 'నెమ్మది, వార్డు 31' అని చెక్కి ఉంటుంది. మొదటి ఏడు వడ్రంగితో ఓదెలే చేయించాడు. గుర్తుగింజ దానికీ ఉంది. యజమాని అన్నచోట మనిషి పేరు లేదు, నెమ్మది అనే ఉంది.

అతను గట్టు మీది పలక అందుకుని, ఆఫీసు కుర్చీ లాక్కుని ఎక్కాడు. ఇనుప కుర్చీ. బోర్డుకు నాలుగు మేకులు. పలక అంచు దూర్చి లేపితే రెండు ఊడాయి, తక్కిన రెండిటినీ చేత్తో పీకాడు.

"ఓదెలు గారూ, ఈ వస్తువు నాది."

"ఎరికే."

"నేను సమ్మతి ఇవ్వలేదు."

"నేను అడగలే."

కుర్చీ దిగి బోర్డును చంకలో పెట్టుకున్నాడు. ఎవరూ కదలడం లేదు. కుప్ప దాకా నడిచి దాన్ని లసుమమ్మ రెక్క మీద పెట్టాడు. పెద్ద చప్పుడేమీ కాలేదు.

"ఇప్పుడు నేను ఏం చేయాలి?" అంది నెమ్మది. ఆ ప్రశ్న ఇంతకుముందు ఎప్పుడూ ఓదెలు వినలేదు.

"ఫిర్యాదు చెయ్యాలంటె చెయ్యి. నీ ఇష్టం. కావలి బండ్ల ఏసుకపోతె నేనే పోత. మా వాడకట్టుల అయితె మాత్రం ఫిర్యాదు చెయ్యరు. తిడ్తరు."

ఆరు గంటలైంది. రోజూ ఆ క్షణానికి ఆఫీసు మీది దీపం మారుతుంది, లెక్క మీద ముద్ర పడుతుంది. పన్నెండేళ్లలో ఒక్క క్షణం తప్పలేదు. జనం దీపం వైపు చూశారు. అది మారలేదు. ఆరూ ఒకటి అయింది. గుంట తాళం ఎరుపు ఆరిపోయి, పచ్చ వెలగక, మధ్యలో నిలిచింది. పైన ఏదో అంతస్తులో కుర్చీ జరిపిన చప్పుడు, వెంటనే ఎవరో ఆడమనిషి "ఏయ్, అది మాది!" అన్న కేక. మెట్ల మీద పరుగు.

ఓదెలు చెవిలో బిళ్ల సన్నగా గరగరలాడింది. గోడమీది పెద్ద గొంతుతో కాక, అతనొక్కడికే వినబడేట్టు అడిగింది.

"ఏమని తిట్టాలి?"

అతను చెవిబిళ్ల తీసి లసుమమ్మ చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని చెవికి ఆనించుకుని విన్నది. రంగు చేతిని కొంగుకు తుడుచుకుంది. పెద్దమనిషి పక్కన కూర్చున్నట్టు కుప్ప పక్కన కూర్చుని, బిళ్లను నోటి దగ్గరకు తెచ్చుకుంది.

"ముందుగాల," అంది, "వాని తాత పేరు పట్టు."