తోలుకి అటువైపు

అటక మీద పాత సామాను ఉన్న ప్రతివాడూ తన తాత మహా కళాకారుడనుకుంటాడు. పగిలిన ఫిడేలు తెచ్చి కొత్త కారు ధర అడుగుతాడు. పాత వాయిద్యాలు కొని అమ్మే దుకాణం పెట్టాక నేను నేర్చుకున్నది ఇంతే: తెచ్చేవాడికి ఏమీ తెలియదు, కొనేవాడికి అంతకన్నా తక్కువ తెలుసు. ఆ రెంటి మధ్య తేడాయే నా లాభం.

ఆ తేడా ఇంకా అద్దెకి కూడా చాలడం లేదు. "ఈ నెల చెప్పుకోదగ్గ బేరం ఒక్కటి చూపించు. లేదంటే వచ్చి సిమెంటు కొట్లో కూర్చో," అని నాన్న తేల్చేశాడు. బస్తాలు లెక్కపెట్టడానికా నేను పుట్టింది?

ఆ వానసాయంత్రం ఒక ముసలాయన దుప్పట్లో చుట్టిన డ్రమ్ముతో వచ్చాడు. వచ్చిన దగ్గర్నుంచి నోరు మూతపడలేదు. వాన, మోకాళ్లు, మా గుమ్మం ఎత్తు... నేను మాట్లాడుతున్నప్పుడు కూడా గొణుగుతూనే ఉన్నాడు. చాదస్తం అనుకున్నాను.

దుప్పటి విప్పితే స్నేర్ డ్రమ్. చెక్క ఒళ్లు, పైనా కిందా దూడతోలు, అడుగున బిగించిన తీగలు. పైన కొడితే ఆ తీగలే గరగరమంటాయి. కంపెనీ బిళ్ల ఊడిపోయింది. బిళ్ల లేకపోతే సగం ధర గాల్లో కలిసినట్టే. మరలు లెక్కపెట్టాను, అడ్డం కొలిచాను, ఎత్తు కొలిచాను. నాకు తెలిసిన ఏ కంపెనీకీ సరిపోలేదు. పై తోలుని దీపం కింద పెట్టి చూశాను. వాయించిన డ్రమ్ముకి నడిమధ్య మచ్చ పడుతుంది. దీనికి ఒక్క పుల్ల దెబ్బ కూడా లేదు! నా బుర్రలో ధర మూడింతలైంది. మొహం మాత్రం చేదుమాత్ర మింగినట్టు పెట్టాను.

"ఎవరు వాయించేవారు బాబాయ్?"

"ఎవరూ వాయించలేదు నాయనా. మోగేది."

నవ్వొచ్చింది. "బయట లారీ పోయినా తీగలు అదురుతాయి. మీరు దగ్గినా గరగరమంటాయి. చిన్నప్పుడు బళ్లో చెప్పలేదా?"

"మేం మాట్లాడితే ఆగేది," అన్నాడు మెల్లగా. "ఇల్లు నిశ్శబ్దంగా ఉంటేనే... సరే, నీకు తోచినంత ఇవ్వు. తోలు మాత్రం విప్పకు."

ఇలాంటి కథలకి నేను కట్టే విలువ సున్నా. కథ విన్న శ్రమకి ధర ఇంకాస్త తగ్గించాను కూడా. ఆయన మారుమాట లేకుండా పుచ్చుకుని, ఒక కాగితం మీద ఫోన్ నంబరు రాసిచ్చి వానలోకి దిగాడు. వీధి మలుపు దాకా చూశాను. నోరు మూసుకునే నడిచాడు.

పాత డ్రమ్ములు పోగేసే పళ్ల డాక్టరు ఒకాయనకి ఫొటో పంపాను. పొద్దున్నే వస్తానన్నాడు. "లోపల చెక్క మీద తయారీ ముద్ర ఉందా?" అని అడిగాడు. ఉంటే పదింతలు. నాన్న సిమెంటుకి నమస్కారం. విప్పకుండా ఎలా తెలుస్తుంది?

తీగలు ఊడదీసి సొరుగులో పడేశాను. మరలు వదులు చేశాను. పై తోలు లేవగానే వాసన. చాలాకాలం మూసి ఉంచిన గదిలో, ఎవరో ఉన్న గదిలో వచ్చే వాసన. లోపల ఖాళీ. ముద్ర లేదు.

చేతిలో తోలు తిరగేశాను.

లోపలివైపు... నడిమధ్య... మచ్చ.

నల్లగా అరిగిపోయింది. దెబ్బ మీద దెబ్బ, లెక్కలేనన్ని. 'లెక్కలేనన్ని' అనే మాట నేనెప్పుడూ వాడను.

సొరుగులో తీగలు గరగరమన్నాయి.

"ఎవరూ?" అన్నాను.

ఆగిపోయాయి.

వాన కూడా వెలిసింది. వీధిలో లారీ లేదు. మళ్లీ గరగర... ఈసారి సొరుగు కూడా కదిలింది. గబగబా పదిహేడో ఎక్కం అందుకున్నాను. ఆగింది. ఎక్కం చదువుతూనే ముసలాయనకి ఫోన్ చేశాను.

"విప్పావా?" అన్నాడు గుసగుసగా.

"విప్పాను. ఇప్పుడేం చెయ్యాలి?"

జవాబు వచ్చేదాకా ఎక్కం గొణుగుతూనే ఉన్నాను.

"ఇక్కడ ఎంత ప్రశాంతంగా ఉందో నాయనా..." అని పెట్టేశాడు.

పందొమ్మిదో ఎక్కం చదువుతూ వెనక్కి నడిచాను. షట్టరు దించాను. తాళం వేశాను. పరిగెత్తాను.

పొద్దున నేను వెళ్లేసరికి డాక్టరు షట్టరు ముందు నిలబడి ఉన్నాడు. "ఇదేంటయ్యా, మీ రేకుని ఎవరు చితక్కొట్టారు?"

పళ్లు పీకేవాడికి రేకు గురించి ఏం తెలుసు? బయటి నుంచి కొడితే సొట్టలు పడతాయి. ఇవి బొడిపెలు. ఛాతీ ఎత్తున, ఒక్కచోటే, ఒకదాని మీద ఒకటి, బయటికి ఉబ్బి ఉన్నాయి.

నేను మాట్లాడటం మొదలెట్టాను. వాన, మోకాళ్లు, గుమ్మం ఎత్తు...

"ముందు తాళం తియ్యవయ్యా. డబ్బు తెచ్చాను."

తాళంచెవి చేతిలోనే ఉంది. తీస్తే దుకాణం నిలబడుతుంది. తియ్యకపోతే సిమెంటు. మాట్లాడుతూనే ఉన్నాను. డ్రమ్ములో మరలెన్నో చెప్పాను. అడ్డం చెప్పాను. ఎత్తు చెప్పాను.

"ష్," అన్నాడాయన. పెదాల మీద వేలు పెట్టుకుని, చెవి రేకుకి ఆనించాడు.

నేను ఆగాను.

ఆయన బుగ్గ పక్కనే, రేకు మెల్లగా ఉబ్బింది.